మంథని నుంచి ఆదిలాబాద్‌కు, ఒక గంప నేరేడు

ఈ మిరుగం కార్తెలో, నారు పోసే పని ఇంకా సగం మిగిలి ఉండగానే, నేను నాలుగు రోజులు ఇల్లు విడిచి ఆదిలాబాద్ వెళ్లి వచ్చాను. పొలం పని వదిలి ఊరు దాటడం నాకు అలవాటు లేదు. మా కొడుకు నారు పోయగలడు గానీ, నానబోసిన వడ్ల మీద తేలిన తాలు ఓపికగా ఏరి తీయడం అతనికి చేతకాదు. అయినా వెళ్లాను. ఆదిలాబాద్‌లో మా చెల్లె రాజవ్వ అన్నం తినడం మానేసింది.

రాజవ్వ నాకంటే ఆరేళ్లు చిన్నది. పోయిన ఏడు నోట్లో గడ్డ లేస్తే హైదరాబాద్‌లో తీయించి, ఆ తర్వాత నెల రోజులు కరెంటు పెట్టించారు. పుండ్లు మానాయి. రుచి తిరిగి రాలేదు. ఏది పెట్టినా మన్ను నమిలినట్టు ఉందంటుంది, రెండు ముద్దలకే చెయ్యి కడుగుతుంది. వచ్చే సోమవారం డాక్టరు బరువు చూస్తాడని, ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోయాల్సి వస్తుందన్నాడని వాళ్ల కోడలు సునీత ఫోన్‌లో చెప్పింది. గొట్టం మాట వినగానే రాజవ్వ బెదిరి, అవ్వ చేసే నేరేడు పచ్చిపులుసు ఉంటే తింటానన్నదట.

ఈ పులుసు ఇప్పటివాళ్లకు తెలియదు. ఇంట్లో పాత చింతపండు అయిపోయి, కొత్తది కొనే దారి లేని వానాకాలంలో మమ్మల్ని కన్న మా అవ్వ నేరేడు పండ్లు నీళ్లలో పిసికి, గింజలు తీసేసి, కాల్చిన మిరపకాయలు, ఉల్లిగడ్డ, ఉప్పు వేసి కలిపేది. పొయ్యి మీద పెట్టే పని లేదు. అన్నంలో పోసుకుంటే అన్నం వంకాయ రంగు తిరిగేది. చింతపండుకు దిక్కులేనివాళ్ల వంట అది. అదే అడిగింది కాబట్టి, అది చేయడం ఇప్పుడు నాకొక్కదానికే వచ్చు కాబట్టి, గురువారం పొద్దున బయలుదేరాను.

కాగజ్‌నగర్ బండిలో

పెద్దపల్లి దాకా బస్సు. ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అక్కడ రైలెక్కాను. నా ఎదురుగా కూర్చున్న ఆమెది కాగజ్‌నగర్. భర్త కాగితం మిల్లులో పనిచేస్తాడట. తెచ్చుకున్న సద్ది విప్పి నాకూ ఒక రొట్టె ఇచ్చింది. నేను మంథని నుంచి తెచ్చిన మామిడికాయ తొక్కు ఆమెకు పెట్టాను.

మిల్లు మూతబడ్డ నాలుగేళ్ల సంగతి ఆమె చెబుతూ పోయింది. భర్త దుబాయి పోయి సిమెంటు మోశాడట. పిల్లలను తన తల్లిగారింట్లో ఉంచి చదివించిందట. మిల్లు నడిచే రోజుల్లో ఊరంతా ఒక రకమైన వాసన ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. మిల్లు ఆగినాక ఆ వాసన పోయింది.

“గాలి మంచిగయింది గని ఎవ్వరికి నిద్రపట్టలే పెద్దమ్మా. మళ్ల మిల్లు షురువైన రోజు మా అత్త వాకిట్ల నిలబడి గా వాసన గుంజి గుంజి పీల్చింది” అన్నది.

రాజవ్వ సంగతి చెబితే ఆమె, నోటికి రుచి తెలియకపోవడం ఎలా ఉంటుందో ఊహకు అందడం లేదన్నది. నాకూ అందలేదు. ఒకటి లేకుండా పోయేదాకా అది ఉందన్న సంగతే మనకు గుర్తుండదు.

కాగజ్‌నగర్ అంగడి

ఆ సాయంత్రం మా ఆడబిడ్డ ఇంట్లో దిగి, చాయ్ కూడా తాగకుండా అంగడికి పోయాను. నేరేడు పండు ఆదిలాబాద్‌లోనూ దొరుకుతుంది, కానీ అక్కడ చేతులు మారి వస్తుంది, ధర ఎక్కువ. ఇక్కడైతే అడవిలో ఏరినవాళ్లే తెచ్చి అమ్ముతారు.

తిర్యాణి వైపు గూడెం నుంచి వచ్చిన ఒక గోండు ఆమె గంప ముందు పెట్టుకుని కూర్చుంది. డబ్బా కొలతకు యాభై రూపాయలు. మా మంథనిలో ఇవే పండ్లు తూకానికి అమ్ముతారు. తూకంలో తడి కూడా బరువే, డబ్బా కొలతలో మోసం తక్కువ. గంప మొత్తం ఎంతకిస్తావంటే నాలుగు వందలన్నది. నేను రెండు వందల దగ్గర మొదలుపెట్టాను. ఆమె నవ్వదు, కోప్పడదు, లేచిపోతున్నా పిలవదు. చివరికి మూడు వందలకు నేనే వెనక్కి వచ్చాను.

పండ్లు ఎలా కొనాలో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నల్లగా, బిగువుగా ఉండాలి, తొడిమ దగ్గర నలిగి ఉండకూడదు. పైన బూడిద చల్లినట్టు ఉంటే అది చెడు కాదు, చెట్టు దిగి ఎక్కువసేపు కాలేదని గుర్తు. గంప అడుగున చెయ్యి పెట్టి చూడాలి. అడుగు తడిగా ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఆమె గంపలో పండ్లన్నీ మళ్లీ సర్ది, వరుసకూ వరుసకూ మధ్య మోదుగ ఆకులు పరిచింది. కడగొద్దన్నది. మూత పెట్టొద్దన్నది. ఉప్పు తినేటప్పుడే, అంతకుముందు అంటనివ్వొద్దన్నది. ఇవన్నీ రెండుసార్లు చెప్పింది. యాభై ఏళ్లుగా తొక్కులు పెడుతున్నదాన్ని, నిల్వ సంగతి నాకు చెబుతుందేమిటని నేను గంప ఎత్తుకున్నాను.

ఇంటికి తెచ్చి చూస్తే పది పదిహేను పండ్లు చిట్లి ఉన్నాయి. మర్నాడు ఘాటు రోడ్డు మీద బస్సు కుదుపులకు మిగతావీ చిట్లుతాయని నాకు గుబులు పట్టింది. మా ఇళ్లలో ఆడవాళ్లకు ఒక నమ్మకం ఉంది. ఉప్పు పడితే ఏదైనా నిలుస్తుంది. మామిడికాయ నిలుస్తుంది, ఉసిరికాయ నిలుస్తుంది, చేప కూడా నిలుస్తుంది. ఆడబిడ్డ వద్దంటున్నా వినకుండా పండ్లన్నీ కడిగి, నాలుగు దోసిళ్ల దొడ్డు ఉప్పు చల్లి, స్టీలు డబ్బాలోకి ఎత్తి మూత బిగించాను. మోదుగ ఆకులు బర్రె ముందు వేశాను.

ఘాటు మీద

శుక్రవారం ఆసిఫాబాద్ మీదుగా ఆదిలాబాద్ బస్సు. కెరమెరి ఘాటు దగ్గర మబ్బు రోడ్డు మీదికే దిగి ఉంది. ఇంత పచ్చదనం మా గోదావరి ఒడ్డున కూడా చూడలేదు, అయినా నేను కొండల కంటే కాళ్ల దగ్గర ఉన్న డబ్బానే ఎక్కువ చూశాను. మలుపు తిరిగినప్పుడల్లా అది గుళగుళమన్నది. పండ్లు గుళగుళమనకూడదు.

నా పక్కన తెల్లటి ధోతి, నెత్తిన తెల్లటి టోపీ పెట్టుకున్న పెద్దమనిషి కూర్చున్నాడు. పత్తి రైతు, ఇంట్లో మరాఠీ మాట్లాడతారట. మూడో మలుపులో డబ్బా ఒరిగి, మూత సందులోంచి ఊదా నీళ్లు ఆయన ధోతి మీదికి చిమ్మాయి. నేరేడు మరక సబ్బుకు పోదు. నేను కొంగుతో తుడవబోతే ఇంకా పెద్దదైంది.

ఆయన ధోతి వైపు చూసుకుని, డబ్బా వైపు చూసి, మూత తీయమన్నాడు. లోపల పండ్లన్నీ తోలు ఊడి ముద్దగా, సగం డబ్బా రసంలో తేలుతున్నాయి.

“ఉప్పేసినవా బాయీ?” అన్నాడు. “పత్తి గాని, పండు గాని, తడిస్తే అయిపాయె. అమ్ముకోనికి రాదు, దాసుకోనికి రాదు.”

ధోతి డబ్బులు ఇస్తానంటే ఒప్పుకోలేదు. ఇంటికి పోతే తన భార్య ఎవరితో హోళీ ఆడివచ్చావని అడుగుతుందని మాత్రం అన్నాడు. ఉట్నూరులో బస్సు ఆగినప్పుడు నాకు చాయ్ కూడా ఆయనే తాగించాడు. చాయ్‌తో పాటు జొన్నరొట్టె, మీద కారంపొడి, నూనె చుక్క, ఇరవై రూపాయలు. మా వైపు పొద్దునా సాయంత్రం అన్నమే. ఇక్కడివాళ్లు పొద్దున ఒక రొట్టె తిని మధ్యాహ్నం దాకా చేను దున్నుతారు. తిండి విషయంలో వాళ్లే మనకంటే తెలివైనవాళ్లని నాకు అనిపించింది.

రాజవ్వ ఇంట్లో

రాజవ్వను చూసి నేను గుర్తుపట్టలేదని చెబితే అబద్ధమవుతుంది. గుర్తుపట్టాను, కాబట్టే బాధ. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నన్ను చూడగానే లేచి నిలబడి, “పులుసు చేస్తవా?” అన్నది. ఎట్లున్నవ్ అని కూడా అడగలేదు.

పండ్లు పోయినా రసం ఉంది కదా అనుకున్నాను. ఎలాగూ పులుసులో ఉప్పు వేయాల్సిందే. ముద్దను గుడ్డలో పిండి, గింజలు తీసి, మిరపకాయలు కాల్చి నలిపాను. మళ్లీ ఉప్పు వేయలేదు. కానీ ఉన్న ఉప్పు ఎంతో నేను నోట వేసి చూడలేను. దానికి కారణం చెప్పాలి.

కాశీకి పోయినవాళ్లు ఒక కాయో పండో గంగ దగ్గర విడిచి రావాలి, మళ్లీ ఈ జన్మలో నోట పెట్టకూడదు. పన్నెండేళ్ల కింద నేను, రాజవ్వ కలిసే పోయాం. మామిడి విడిస్తే ఎండాకాలమంతా కష్టం. అరటిపండు విడిస్తే ప్రసాదం తినలేం. ఏడాదిలో ఇరవై రోజులు ఉండే నేరేడు విడిచాను, నష్టం తక్కువని. రాజవ్వ కాకరకాయ విడిచింది. అది పుట్టినప్పటి నుంచి కాకరకాయ తినదు. దేవుణ్ణి నాకంటే అదే ఎక్కువ మోసం చేసిందని అప్పట్లో దెప్పేదాన్ని.

అందుకని సునీతను పిలిచి గరిటెతో చేతిలో పోసి, రుచి చూసి చెప్పమన్నాను. ఆమె చప్పరించింది, కొంగుతో మూతి తుడుచుకుంది, “మంచిగున్నది పెద్దత్తమ్మా” అన్నది.

రాజవ్వ పీట మీద కూర్చుని అన్నంలో పులుసు కలుపుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. మొదటి ముద్ద, రెండో ముద్ద, మూడు, నాలుగు. మంచిగుందక్కా అని, అవ్వ చేసినట్టే ఉందన్నది. నాలుగో ముద్ద తర్వాత ఆగింది గానీ, నాలుగు తిన్నదని సునీత కళ్లతోనే నాకు చెప్పింది. నా మనసు కుదుటపడింది.

అప్పుడే రాజవ్వ కొడుకు మల్లేశం పని నుంచి వచ్చాడు. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు నడవని ఈ నెలల్లో అతను విత్తనాల దుకాణంలో మూటలు మోస్తాడు. ఆకలి మీద ఉన్నాడు, ఎవరినీ ఏమీ అడగకుండా పులుసు పోసుకుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు అలాగే బయటికి పోయి ఉమ్మి వచ్చాడు.

“ఏందిది పెద్దవ్వా, ఉప్పు కషాయమా? నోరంత కొట్టుకపోయింది.”

సునీత తల దించుకుంది. పెద్దవాళ్ల వంటకు కోడలు వంక పెట్టకూడదు, మా ఇళ్లలో అలాగే పెంచుతాం. నేను కూడా నా కోడలిని అలాగే ఉంచాను. ఆ పొద్దు దాని ఫలితం నా ముందే ఉంది.

రాజవ్వ కంచం వైపు చూస్తూ మెల్లగా అన్నది.

“గంత ఉప్పు నాకు తెల్వనే లేదు. మంచిగున్నదని నీ కోసం అన్న అక్కా. ఇగ నా నాలుక రాదు.”

కంచం పక్కకు జరిపి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం పాలు కూడా తాగలేదు. దాని నాలుక చచ్చిందన్న సంగతి అంతదాకా దానికి అనుమానమే. నేను నా చేతులతో ఉప్పు పోసి రుజువు చేశాను. అడవి మనిషి రెండుసార్లు చెప్పిన మాట ఒక్కసారి విని ఉంటే ఇది జరిగేది కాదు. నాకు కోపం ఎక్కువ, ఏడుపు తక్కువ. ఆ రోజు కోపం చేసుకోవడానికి నేను తప్ప ఇంకెవరూ దొరకలేదు.

ఆదిలాబాద్ మార్కెట్

శనివారం తెల్లవారుతూనే ఒక్కదాన్నే మార్కెట్‌కు పోయాను. సగం మాటలు తెలుగు, సగం మరాఠీ. మామిడిపండ్ల వాసన, తడిసిన గోనెల వాసన. నేరేడు కిలో రెండు వందల నలభై. మూడు వందలకు గంప కొన్నదాన్ని, ఆ ధర వినగానే కాళ్లు వెనక్కి లాగాయి. వెనక్కి పోయి రాజవ్వ ముఖం చూడలేక పావుకిలో అడిగాను.

అమ్మే ఆమె చెయ్యి చాలా జాగ్రత్తైనది. తక్కెడ ముల్లు నిలువుగా నిలిచేదాకా ఒక్కో పండూ వేస్తుంది, తీస్తుంది. తూకం అయ్యాక కొసరు వేయమన్నాను. ఈ ధరకు కొసరు ఉండదన్నది. మా మంథనిలో కొసరు లేకుండా కొత్తిమీర కట్ట కూడా కొనేది లేదని, కొసరు వేయని చేతికి బరకత్ ఉండదని, కలిసిరాదని చెప్పాను. మాటా మాటా పెరిగింది. వెనక జనం ఆగారు.

“తీస్కపో మావ్శీ, తీస్కపో” అని, గంప పక్కన వేరుగా ఏరి పడేసిన కుప్పలోంచి ఒక దోసెడు నా సంచిలో పోసింది. అవి ఎర్రగా, సగం పచ్చిగా, ఎవరూ కొనని కాయలు. పారేసేవి నాకు అంటగట్టిందని తెలిసింది. అయినా తిరిగి ఇవ్వలేదు. ఉత్తగా వచ్చినదాన్ని వదలడం నాకు రాదు.

ఇంటికి పోయి నల్లటి పండ్లు కడిగి, ఉప్పు జోలికి పోకుండా, గిన్నెలో వేసి రాజవ్వ ముందు పెట్టాను. తిననన్నది. నా కోసం ఒకటి తినమన్నాను. ఒకటి నోట్లో పెట్టుకుని గింజ ఉమ్మింది. నీళ్లన్నది. ఇంకొకటి తిన్నది. నీళ్లే అన్నది. నేను గిన్నె తీయబోతుంటే నేను ఏరినా అడుగున కలిసిపోయిన ఆ కొసరు కాయల్లో ఒకటి, నల్లదే అనుకుని, చూడకుండా నోట్లో వేసుకుంది.

దాని ముఖం ముడుచుకుపోయింది. కళ్లు మూసుకుంది, పెదవులు బిగిశాయి, భుజాలు కూడా లేచాయి. మింగలేక నాలుక బయట పెట్టింది. సునీత పరుగెత్తుకొచ్చింది.

“ఏం కాయలు తెచ్చినవే అక్కా, థూ. నాలుక గుంజుతుంది. ఒగరు.”

అన్నది. నేను తీయబోయిన గిన్నె మళ్లీ దాని ముందు పెట్టాను.

“ఒగరు తెలుస్తుందా?” అన్నాను.

అది గిన్నెలో వేలు పెట్టి వెతికి ఇంకొక ఎర్రది తీసి నమిలింది. మళ్లీ ముఖం ముడుచుకుంది. తీపి లేదు, పులుపు లేదు, ఒగరొక్కటే పట్టుకుంటుందని, నాలుక నోట్లో ఉన్నట్టు తెలుస్తుందని చెప్పింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి దానికి ఒక తిండి మీద కోపం వచ్చింది.

రుచి తిరిగి వచ్చిందని నేను చెప్పడం లేదు, చదివేవాళ్లు అలా అనుకోవద్దు. వగరు అన్నది రుచికంటే పట్టు లాంటిది కావచ్చు, నాకంత తెలియదు. ఉప్పు పడితే ఆ వగరు పోతుందని మాత్రం నాకు తెలుసు, పండ్లకు ఉప్పు చల్లేదే అందుకు. నేను మంచి పండు కోసం పడ్డ పాట్లన్నీ, దానికి పనికొచ్చే ఒక్క గుణాన్నీ తీసేసే పాట్లే.

ఆ మధ్యాహ్నం పచ్చి కాయలను గింజల మీది నుంచి కత్తితో గీరి, ఉల్లిగడ్డ వేసి, చిటికెడు ఉప్పు వేసి సునీతనే రుచి చూడమన్నాను. నిజం చెప్పకపోతే మంచిది కాదన్నాను. “జర తక్కువైంది పెద్దత్తమ్మా” అన్నది. ఆమె నా వంటకు వంక పెట్టడం అదే మొదలు. రాజవ్వ ఆ పులుసుతో ఏడు ముద్దలు తిన్నది. ప్రతి ముద్దకూ తిట్టింది.

సాయంత్రం మళ్లీ మార్కెట్‌కు పోయి, ఏరి పారేసిన కుప్ప మొత్తం ఇమ్మన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, పది రూపాయలు తీసుకుంది. ఈసారి కడగలేదు. పొడి గుడ్డ మీద ఒక్క వరుసగా పరిచి, ఫ్రిజ్ కింది అరలో, మూత లేకుండా పెట్టించాను. వాడేటప్పుడు ఎన్ని కావాలో అన్నే తీసి కడగాలని సునీతకు రెండుసార్లు చెప్పాను.

తిరుగు ప్రయాణం

సోమవారం సంగతి ముందే చెబుతాను. బరువు పెరగలేదు, తగ్గలేదు. డాక్టరు గొట్టం మాట ఎత్తలేదు, నెల తర్వాత రమ్మన్నాడు. ఈ నెలలో నేరేడు కాపు అయిపోతుంది. ఆ తర్వాత పచ్చి ఉసిరికాయ ప్రయత్నిస్తామంటున్నది సునీత. అదీ వగరే. చూడాలి.

నేను ఆదివారం పొద్దునే బయలుదేరాను. మంథనిలో వాన పడిందని, నారుమడి నిండిందని మా కొడుకు ఫోన్ చేశాడు. సంచి భుజాన వేసుకుని, పోయొస్తానే రాజవ్వా అన్నాను. అది గడపలో నిలబడి ఉంది, నోట్లో కాయ ఉంది. ముఖం ముడుచుకునే ఉంది కాబట్టి మాట్లాడలేకపోయింది. చెయ్యి మాత్రం ఊపింది.